పీతల దీపం

విమానాలు నడిపి రిటైరైనవాడు కథ చెబుతానంటే మీవంటి కుర్రవాళ్ళు తుపానో, ఇంజన్ మంటో ఉంటుందనుకుని కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నా దగ్గర ఉన్నవి పీతలు. ముప్పై ఏళ్ళకు పైగా ఆకాశంలో తిరిగిన నాకు అతి పెద్ద గందరగోళం నేల మీదే ఎదురైంది. గన్నవరం రన్‌వే మీద, విమానం గాల్లోకి లేవకముందే జరిగిపోయింది. అందులో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ ముందు కోపం వస్తుంది, తరవాత ఆ కోపం ఎవరి మీదో తెలియక తికమకపడతాను.

మాది బందరు. మా ఇంటా వంటా అందరూ గుమాస్తాలూ, మాస్టర్లూను. నేను విమానం నడుపుతానంటే మా నాన్నకు చివరిదాకా నమ్మకం కుదరలేదు. వచ్చినవాళ్ళకు "మా పెద్దవాడు, డ్రైవరు" అని పరిచయం చేసేవాడు. ఉద్యోగం ఆఖరి సంవత్సరాల్లో నేను నడిపినవి డెబ్బై మంది పట్టే పంకాల విమానాలు. నడపడంతోపాటు కొత్తగా కెప్టెన్లు కాబోయేవాళ్ళను పక్కన కూర్చుని పరీక్షించే పని కూడా కంపెనీ నాకు అప్పగించింది. మాస్టర్ల వంశం కదా, ఎదుటివాడి తప్పు పట్టుకోవడం నాకు నీళ్ళు తాగినంత సులువు.

గన్నవరం నుంచి చెన్నై వెళ్ళే పొద్దుటి విమానంలో బతికున్న పీతలు వెళ్ళేవి. కొన్ని దివిసీమ కాలవల్లో పట్టినవి, కొన్ని కృత్తివెన్ను చెరువుల్లో పెంచినవి. డెక్కలు తాడుతో కట్టి, చిల్లుల పెట్టెల్లో పేర్చి, పైన తడి గోనె కప్పుతారు. గోనె ఆరితే పీత చస్తుంది. చచ్చిన పీతను అవతల ఎవరూ తీసుకోరు. గోనెను గట్టిగా పిండి, చుక్క కారకుండా కప్పాలని నిబంధన. కానీ మనవాళ్ళు ఊరుకుంటారా? విమానంలోకి ఎక్కించే ముందు పైనుంచి ఇంకొక్క చెంబు నీళ్ళు పోసేవారు. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకు గుమ్మంలో మంచినీళ్ళు ఇచ్చినట్టన్నమాట.

సరుకు ఎక్కించే ముఠాకు పెద్దగా నాగాయలంక మనిషి ఒకడు ఉండేవాడు. మా అమ్మ పుట్టిల్లు వాళ్ళ పక్కనున్న అవనిగడ్డ అని తెలిసిన రోజునుంచి నన్ను "బావగారూ" అని పిలిచేవాడు. నీళ్ళు పోయవద్దని నేను కసురుకుంటే, "అది కాదు బావగారూ, గంటన్నర ప్రయాణం కదండీ, పాపం వాటికి మాత్రం దాహం వెయ్యదా అండీ" అనేవాడు. పీత కష్టాలు పీతవి అంటారు. ఆ కష్టాలను నెత్తిన వేసుకున్న ఏకైక మానవుడు అతనే.

ఆ చెంబుడు నీళ్ళు నాకెలా చుట్టుకున్నాయో చెప్పాలి. సామాన్ల గదిలో పొగను పసిగట్టే పరికరం ఒకటి ఉంటుంది. పొగ కనబడితే పైలట్ల ముందు ఎర్ర దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. తలుపు మూశాక గోనెల తడి ఆవిరై గది నిండా మంచులా కమ్ముకుంటే, దానికీ పొగకూ తేడా ఆ పరికరానికి తెలియదు. నాకు అలా మూడుసార్లు వెలిగింది. మొదటిసారి విమానం ఇంకా నిలబడి ఉండగా, రెండోసారి రన్‌వే వైపు వెళ్తుండగా. మూడోసారి గాల్లోకి లేచాక వెలిగితే వెనక్కి తిప్పుకుని దిగాను. అగ్నిమాపక బండ్లన్నీ మా చుట్టూ చేరాయి. తలుపు తీస్తే లోపల పొగ లేదు సరికదా, పీతలు కళ్ళు నిక్కబొడుచుకుని మా వంక చూశాయి. అప్పటినుంచి మావాళ్ళలో దానికి పీతల దీపం అని పేరు పడింది. ఢిల్లీ, బొంబాయి కెప్టెన్లు ఈ విమానం మీదకు వస్తే నేను ఫోన్ చేసి మరీ ఆ దీపం సంగతి చెప్పేవాణ్ణి. ఆ తెలివి నాకొక్కడికే ఉందన్న గర్వం కూడా లేకపోలేదు.

ఇక ఆ అమ్మాయి. ఊరు గుడివాడ. తల్లి అక్కడే కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఈ అమ్మాయి ఎనిమిదేళ్ళుగా రెండో పైలట్‌గా పనిచేస్తోంది. కెప్టెన్ కావడానికి పరీక్షలన్నీ అయిపోయి, నాతో ఒక్క రోజు ప్రయాణం మిగిలింది. ఆ రోజు ఎడమ సీట్లో ఆమె కెప్టెన్ పని చేస్తుంది. నేను కుడి సీట్లో కూర్చుని చూస్తాను. సాయంత్రం నేను కాగితం మీద సంతకం పెడితే ఆమె భుజం మీద నాలుగో గీత పడుతుంది. పెట్టకపోతే మళ్ళీ వరసలో వెనక్కి వెళ్ళాలి. ఆ వరస అప్పట్లో చాలా పొడుగు.

ముందు రోజు మా ఇద్దరికీ సెలవు కావడంతో ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉన్నాం. తెల్లవారాక నేను నా కారులో బందరులో బయల్దేరి గుడివాడలో ఆమెను ఎక్కించుకున్నాను. రాత్రి వాన పడి పొలాలు కడిగినట్టున్నాయి. పెదపారుపూడి దాటాక ఆమె అడిగింది.

"ఇవాళ పీతలున్నాయా సార్?"

"ఎందుకుండవు? ఆ దీపం వెలిగితే కంగారుపడకు. అది అబద్ధం."

"ఎనభై లోపు వెలిగితే ఆపాలి కదండీ?"

విమానం పరుగెత్తే వేగాన్ని నాట్లలో కొలుస్తాం. ఎనభై నాట్ల లోపల ఏ చిన్న తేడా కనబడినా టేకాఫ్ ఆపెయ్యాలి. ఎనభై దాటాక ఊరికే ఆపకూడదు. అంత వేగంలో బ్రేకులు తొక్కడమే ఒక ప్రమాదం కాబట్టి ఇంజన్ ఆగిపోవడం, నిప్పంటుకోవడం వంటి పెద్ద కారణాలకే ఆపాలి. ఆ రోజు మా బరువుకు నూట ఏడు దాటాక అసలు ఆపకూడదు, ఏమైనా సరే లేచిపోవాలి. ఎనభైకీ నూట ఏడుకీ మధ్య కెప్టెన్ బుర్రకు దొరికేది అయిదారు సెకన్లు.

"ఎనభై లోపైతే ఆపు. దాటాక వెలిగితే వెళ్ళిపో. పైకెళ్ళి తీరిగ్గా చూసుకుందాం. అవి పీతలే" అన్నాను.

ఆమె కిటికీలోంచి పొలాల వైపు చూసింది. "పీతలు కాకపోతేనో సార్?"

"పీతలే అన్నానుగా. మన ఊరి పీతల సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందమ్మాయ్?"

ఆమె సరేనంది. ఆ తరవాత మేము మాట్లాడుకున్నది గుడివాడ ఇడ్లీ గొప్పదా, బందరు ఇడ్లీ గొప్పదా అని.

రన్‌వే తడిగా ఉంది. ఆమె లీవర్లు ముందుకు తోసింది. విమానం తిన్నగా, ముచ్చటగా పరుగెత్తింది. నేను "ఎనభై" అన్నాను. ఆమె "చెక్" అంది. వేగం తొంభై దాటింది. గంట మోగింది. ఎర్ర దీపం వెలిగింది.

నేను ఏమీ అనలేదు. పరీక్షించేవాడు ప్రాణం మీదకు వస్తే తప్ప నోరు తెరవకూడదు. నాకు గుర్తున్నంతవరకు దీపం వంక చూసి, పీతలు, అనుకున్నాను. ఆమె "స్టాప్" అంది. లీవర్లు వెనక్కి వచ్చాయి. సీటు బెల్టు నా భుజానికి బిగుసుకుంది. వెనకనుంచి జనం అరుపులు వినిపించాయి. విమానం ఒకసారి కాస్త పక్కకు ఒరిగినట్టయి, మళ్ళీ సరిగ్గా రన్‌వే మధ్య గీత మీదకు వచ్చి ఆగింది. ముందు రన్‌వే ఇంకా బోలెడు మిగిలే ఉంది, ఆ మాట దాచను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం మైకు తీసి ప్రయాణికులకు తెలుగులో, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. టవర్‌కు చెప్పింది. చెయ్యవలసినవన్నీ వరసగా చేసింది. అదంతా చూస్తూ కూడా నా కోపం తగ్గలేదు. అగ్నిమాపక బండి వచ్చేలోపు దీపం దానంతట అదే ఆరిపోయింది. చూశావా అన్నట్టు నేను ఆమె వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు.

సామాన్ల గది తలుపు తీశారు. పొగ లేదు. పీతలు ఎప్పటిలాగే ఉన్నాయి. బ్రేకుల వేడికి ఒక చక్రంలో గాలి మెల్లగా దిగిపోయింది. దాంతో విమానం అక్కడే కూర్చుంది, రన్‌వే మూతపడింది, రావలసిన రెండు విమానాలు హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయాయి. మా ప్రయాణికులను అక్కడే దించి బస్సు ఎక్కిస్తుంటే ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి, "ఏమండీ, పీతల కోసం ఆపారటగా. ముందే చెప్తే వాటికే టికెట్టు ఇచ్చి మేము రైల్లో పోయేవాళ్ళం కదండీ" అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా వింది.

ఇంజనీరు లోపలికి దూరి గోనెలు తడిమి, "తడేనండి, ఇంకేం లేదు" అన్నాడు. నాగాయలంక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బావగారూ, ఒట్టండీ. ఇవాళ చుక్క నీళ్ళు పొయ్యలేదండీ. మీరు మొన్న తిట్టిన దగ్గర్నుంచి పోస్తే నా కళ్ళు పోతాయండీ."

"మరి దీపం ఎందుకు వెలిగిందయ్యా?"

"అది నాకెలా తెలుస్తుందండీ? మీరే కదండీ పీతల దీపం అని పేరు పెట్టింది."

నేనే వెళ్ళి ఒక గోనె పిండి చూశాను. చెమ్మగా ఉంది కానీ చుక్క కారలేదు. మూడుసార్లు వెలిగినప్పుడు గోనెలు కారిపోతూ ఉండేవి. ఇంతలో ఇంజనీరుకింద పనిచేసే ఆయన ముక్కు ఎగబీలుస్తూ, "వైరు కాలిన వాసనలా లేదూ?" అన్నాడు. అయిదుగురం వరసగా తల లోపలికి పెట్టి వాసన చూశాం. ఇద్దరికి వైరు వాసన వచ్చింది, ఇద్దరికి పీతల వాసన వచ్చింది. నాకు ఆ క్షణంలో ఏ వాసనా రాలేదు, ఎందుకంటే నాకు పడిశం పట్టి ఉంది. తరవాత వైర్లన్నీ వెతికితే ఒకచోట ఆవగింజంత నల్లమచ్చ కనబడింది. పాతదో కొత్తదో ఎవరూ చెప్పలేకపోయారు. పొగను పసిగట్టే పరికరాన్ని విప్పి తయారుచేసినవాళ్ళకు పంపితే ఏ లోపమూ లేదని తిరిగి వచ్చింది. అంటే పొగ లేదు, నీళ్ళు లేవు, పరికరంలో లోపం లేదు. దీపం మాత్రం వెలిగింది. మీకు అర్థమైతే నాకు చెప్పండి.

వారం తరవాత ప్రధాన కార్యాలయంలో ఇద్దరు పెద్దలు మమ్మల్ని కూర్చోబెట్టి విచారించారు. పుస్తకం తీశారు. ఎనభై దాటాక నిప్పుకు ఆపాలని ఒక పేజీలో ఉంది. నిప్పంటే ఇంజన్ నిప్పా, సామాన్ల గదిలో పొగ కూడానా అన్నది ఆ పేజీలో లేదు. ఇంకో పేజీలో, కెప్టెన్ తన విచక్షణ ఉపయోగించాలని ఉంది. ఈ దేశంలో ఏ పుస్తకమైనా చిక్కు వచ్చిన చోట ఆ వాక్యమే రాసి చేతులు దులుపుకుంటుంది. పెద్దలిద్దరూ వాదించుకున్నారు. ఒకాయన, అంత రన్‌వే ఉండగా ఆపడమే మంచిది అన్నారు. రెండో ఆయన, పుస్తకం గన్నవరం కోసం రాసింది కాదు, రేపు ఈ పిల్ల పొట్టి రన్‌వే మీద కూడా ఇలాగే ఆపుతుంది అన్నారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది.

అప్పుడు ఒకాయన నన్ను అడిగారు. "టేకాఫ్‌కు ముందు ఈ దీపం గురించి మీరిద్దరూ ఏమైనా మాట్లాడుకున్నారా?"

కాక్‌పిట్‌లో మాట్లాడినవన్నీ రికార్డవుతాయి. కారులో మాట్లాడినవి కావు. నేను "మామూలు బ్రీఫింగేనండి" అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగారు. ఆమె ఒక్క క్షణం ఆగి, "మామూలు బ్రీఫింగేనండి" అంది.

నాకు ఊపిరి వచ్చింది. నిజం చెప్పాలంటే నేనప్పుడు సిగ్గుపడలేదు. పెద్దల పట్ల గౌరవం ఉన్న పిల్ల అనుకున్నాను. పరీక్షించేవాడే పరీక్షకు వచ్చినవాళ్ళకు హెచ్చరికను ముందే అబద్ధమని చెప్పాడని తెలిస్తే నా పరీక్షకుడి పని ఆ రోజుతో సరి. రిటైర్మెంటు దగ్గరపడిన రోజులవి. చివరికి నిర్ణయం నా సంతకానికే వదిలేశారు. నేను రెండు రోజులు ఆలోచించినట్టు నటించి, "నిర్ణయం తొందరపాటు. ఇంకా అనుభవం అవసరం" అని రాశాను. రాస్తున్నప్పుడు అది నిజమో కాదో నాకు తెలియదు. కానీ దస్తూరీ మాత్రం గుండ్రంగా, గుమాస్తా ఇంటి బిడ్డ రాసినట్టే వచ్చింది.

ఆమెకు నాలుగో గీత మూడేళ్ళ తరవాత, వేరే కంపెనీలో వచ్చింది. ఆ మూడేళ్ళూ తనకంటే వెనక చేరినవాళ్ళు కెప్టెన్లయితే వాళ్ళ పక్కన రెండో సీట్లో కూర్చుని ఎగిరింది. ఇదంతా నాకు వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఆమె నాకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

నేను రిటైరై బందరు చేరాను. పెళ్ళిళ్ళలో, కాలేజీల్లో ఎక్కడ నలుగురు చేరినా పీతల కథ చెప్పేవాణ్ణి. అందులో నేను తెలివైన ఊరి మనిషిని, ఆ అమ్మాయి కంగారుపడిన పిల్ల. పెద్దాయన రైలు మాట దగ్గర అందరూ పడి పడి నవ్వేవారు. చెప్పగా చెప్పగా నాకు కూడా అలాగే జరిగిందని నమ్మకం కుదిరిపోయింది.

పోయిన ఏడు గుడివాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. పీతల కథే చెప్పాను. పిల్లలు బాగా నవ్వారు. అయిపోయాక ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చారు. ఆవిడ నవ్వడం లేదు, కోప్పడటమూ లేదు.

"నమస్కారమండీ. నేను ఇక్కడ ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పిన అమ్మాయి మా అమ్మాయేనండి. సెలవు మీద ఇంట్లోనే ఉంది. కాఫీకి రండి."

రానని అనడానికి నోరు రాలేదు. వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతలే. ఆవిడ దారంతా ఎండ గురించి, కాలవ నీళ్ళ గురించి మాట్లాడుతూనే ఉన్నారు. తప్పు చేసిన పిల్లవాణ్ణి మాస్టారు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తున్నట్టే ఉంది.

ఆ అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇప్పుడు ఆమె కూడా కొత్త కెప్టెన్లను పరీక్షిస్తోందట. కాఫీ వచ్చింది. తల్లి లోపలికి వెళ్ళిపోయారు. ఏం మాట్లాడాలో తెలియక నేను అడగవలసినదే అడిగాను.

"ఆ రోజు నేను వెళ్ళిపొమ్మని చెప్పాను కదమ్మా. అయినా ఎందుకు ఆపావు?"

"మీరు చెప్పబట్టే ఆపానండి."

"అర్థం కాలేదు."

"మీరు కారులో ఆ మాట అనకపోతే నేను వెళ్ళిపోయేదాన్నేమో సార్. ఎనభై దాటింది, ఇంజన్లు బాగున్నాయి. వెళ్ళిపోదామనే ముందు అనిపించింది. అయితే అలా అనిపించింది నాకేనా, మీరు అన్నది నాలో పలుకుతోందా అన్నది తెలియలేదు. మీ వంక చూశాను. మీరు కూడా దీపాన్ని చూసి ఆలోచిస్తుంటే వెళ్ళిపోయేదాన్ని. ఇద్దరం చూస్తున్నాం కదా అనుకునేదాన్ని." ఆమె కప్పు కింద పెట్టింది. "మీరు నవ్వుతున్నారు సార్."

"నేనా? నవ్వానా?"

"నవ్వారండి. ఆ దీపాన్ని చూసేవాళ్ళు విమానంలో నేను తప్ప ఎవరూ లేరనిపించింది. అందుకే ఆపేశాను. నేను చేసింది రైటో తప్పో నాకూ తెలీదండీ. ఇప్పటికీ తెలీదు."

నాకు నవ్వినట్టు గుర్తులేదు. నిజంగా లేదు. గంట, ఎర్ర దీపం, భుజం మీద బెల్టు బిగింపు, అన్నీ గుర్తున్నాయి. నా ముఖం మాత్రం నాకెలా గుర్తుంటుంది?

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదమ్మా?"

"ముందు మిమ్మల్నే అడిగారు కదండీ. మీరు చెబుతారనుకున్నాను. మీరు చెప్పలేదు. ఆ తరవాత నేను చెప్తే, ఒక ఆడపిల్ల పరీక్ష తప్పి పెద్దాయన మీద నెడుతోందంటారు. ఎవరు నమ్ముతారు?"

నేను కప్పులో అడుగుకు దిగిన పంచదార కలుపుతూ కూర్చున్నాను. నాకు కలిగింది పశ్చాత్తాపమే. కానీ మనవాళ్ళ పశ్చాత్తాపంలో కూడా కొంత మర్యాద కలుస్తుంది. "ఇప్పుడైనా మన పాత కంపెనీకి ఉత్తరం రాయమంటావా అమ్మా?" అన్నాను. అంటూనే, అయ్యో వద్దులెండి సార్, అయిపోయిందేదో అయిపోయింది, అంటుందని ఎదురుచూశాను. మన వైపు ఎవరైనా అలాగే అంటారు. రెండోసారి అడిగితే రెండోసారి కూడా వద్దంటారు. దాంతో అడిగినవాడి ఋణం తీరిపోతుంది.

"రాయండి" అంది ఆమె. లోపలికి వెళ్ళి తెల్ల కాగితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది.

రాశాను. అక్కడే, ఆ బల్ల మీదే. రాయడం పూర్తయ్యాక ఆమె చేతికి ఇచ్చాను. మాస్టారి ముందు దస్తూరీ చూపించినట్టు నిలబడ్డాను. ఆమె చదివి, ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ 'దీపం వెలిగితే అబద్ధమని అన్నట్టు గుర్తు' అని రాశారండి."

"అవును."

"మీకు గుర్తులేదా సార్?"

"ఉంది."

"అయితే 'అన్నాను' అని రాయండి."

కొట్టేసి, అన్నాను అని రాశాను. ఆ కొట్టివేత కింద చిన్న సంతకం కూడా పెట్టాను. నవ్వు సంగతి కూడా చేర్చమంటావా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "మీకు గుర్తులేనిది రాయకండి. అది మళ్ళీ ఇంకో అబద్ధం అవుతుంది." అప్పటికి మొదటిసారి ఆమె గొంతు కాస్త మెత్తబడింది. గేటుదాకా వచ్చి పంపింది. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు.

గుడివాడ పోస్టాఫీసులో ఆ ఉత్తరాన్ని రిజిస్టర్ చేసి బందరు వచ్చాను. భోజనం చేస్తుండగా నా భార్య, "ఉపన్యాసం బాగా జరిగిందా అండీ?" అంది. ఆవిడకు జరిగింది ఏమీ చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగాను.

"నేను ఎప్పుడెప్పుడు నవ్వుతానే?"

ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపలేదు, ఆలోచించనూ లేదు. "ఎదుటివాళ్ళు ఏదన్నా అడిగితే, అది మీకు ముందే తెలుసనుకున్నప్పుడు నవ్వుతారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. పెదాలు కదలవు. బుగ్గ ఒక్కటి ఇలా పైకి వెళ్తుంది."

ఆవిడ మజ్జిగ పోసుకోమని రెండుసార్లు అంది.

మర్నాడు పొద్దున్నే అదే కంపెనీకి ఇంకో ఉత్తరం రాశాను. ఒక నకలు గుడివాడ పంపాను. అందులో ఒక్కటే వాక్యం ఉంది: ఆ రోజు దీపం వెలిగినప్పుడు నేను నవ్వాను.